చెప్పుల కొట్టులో చదువుకొన్న దైవజనుడు
విలియం కేరీ గారి జీవితము



మన అసోసియేషన్‌లోని ఏ సంఘమునకు వెళ్లినా ఆదివారము ఆరాధనలో మన ప్రక్కన కూర్చున్నవారు ఎవరు? ఒకరు కుట్టు మిషను పెట్టుకొన్నవారు, ఒకరు టిఫిన్ బండి నడుపుకొనేవారు, ఒకరు తాపీమేస్త్రి, ఒకరు చెప్పుల దుకాణము వారు, మరొకరు కిరాణా కొట్టు వారు. మన తాతముత్తాతలు పొట్ట చేతపట్టుకొని కన్నడ సీమకు, తమిళ దేశమునకు, ఒరిస్సాకు, మహారాష్ట్రకు వచ్చినప్పుడు వారి మూటలో ఉన్న ఆస్తి చేతిపని ఒక్కటే. కొందరు నేతపని తెలిసినవారు, కొందరు తోలుపని తెలిసినవారు.

అయినను మన మధ్య ఒక మాట తరచుగా వినబడుచున్నది. వ్యాపారము వేరు, భక్తి వేరు. కొట్టు తలుపు తీసిన తరువాత బైబిలు ప్రక్కన పెట్టక తప్పదు అని కొందరు చెప్పుకొనుచున్నారు. దేవుని పని చేయవలెనంటే కొట్టు మూసివేయవలెనని మరికొందరి అభిప్రాయము. ఈ రెండును సరికావని మాకు తోచుటకు ముఖ్య కారణము ఒక నేతగాని కుమారుని జీవితము. ఆయన చెప్పులు కుట్టి బ్రదికిన విలియం కేరీ గారు. ఆయన పేరు మనకందరికి తెలుసు. కాని మనము చెప్పుకొనే కథ సాధారణముగా ఆయన ఓడ ఎక్కిన దగ్గరనుండి మొదలగును. ఓడ ఎక్కుటకు ముందు ఆయనను తయారుచేసినది ఒక చెప్పుల కొట్టు. ఆ సంగతి ముందుగా చెప్పవలెనని మా కోరిక.

చెల్లని షిల్లింగు

కేరీ గారు 1761వ సంవత్సరము ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, పాలర్స్‌పరీ అను గ్రామములో జన్మించారు. తండ్రి ఎడ్మండ్ మగ్గము నేసేవాడు. తరువాత ఆయనకు ఆ ఊరి బడిలో ఉపాధ్యాయుని పని దొరికింది. విలియంకు మొక్కలన్నా పురుగులన్నా పక్షులన్నా ప్రాణము. తోటపని చేయవలెనని ఆశ. కాని ఎండ తగిలితే ముఖము, చేతులు పొక్కిపోయే చర్మవ్యాధి ఉండుటచేత నీడపట్టున చేసే పని వెదకవలసి వచ్చింది. అందుచేత పదునాలుగేండ్ల ప్రాయములో పిడింగ్టన్ గ్రామములో క్లార్క్ నికొల్స్ అను చెప్పులు కుట్టే వ్యాపారి వద్ద పని నేర్చుకొనుటకు చేరారు.

ఆ రోజులలోనే ఆయన ఎన్నటికిని మరువలేని ఒక సంగతి జరిగింది. క్రిస్మస్ సమయములో పనినేర్చుకొను కుర్రవాండ్రు ఖాతాదారుల వద్దకు వెళ్లి మామూలు అడుగుట అక్కడి వాడుక. ఇనుపసామాను అమ్మే ఒక వర్తకుడు ఆయనకు ఆరు పెన్సులు కావలెనా, ఒక షిల్లింగు కావలెనా అని అడిగాడు. కుర్రవాడు షిల్లింగే పుచ్చుకొన్నాడు. తరువాత చూచుకొంటే అది చెల్లని ఇత్తడి నాణెము. చేతిలో యజమాని ఇచ్చిన డబ్బు కూడ ఉన్నది. తన దొంగ నాణెమును యజమాని డబ్బులో కలిపి, అతని మంచి షిల్లింగును తాను తీసుకొన్నాడు. దారి పొడవునా ప్రార్థన చేసుకొన్నాడట. ఈ ఒక్కసారి బయటపడకుండ కాపాడితే ఇకమీదట పాపము చేయనని దేవునితో బేరము పెట్టుకొన్నాడు. యజమాని విచారించగా సంగతి బయటపడింది. ఆ సిగ్గుతో కొన్నాళ్లు బయట తిరుగలేకపోయాడు.

ఒక్క షిల్లింగు చిన్న మొత్తమే. కాని తాను మంచివాడనని అనుకొనుచున్న ఆ కుర్రవానికి తన హృదయము ఎట్టిదో చూపించినది ఆ షిల్లింగే. ఆ బేరము వినని దేవునికి ఆయన తరువాత జీవితమంతా కృతజ్ఞుడై ఉన్నాడు. తూకము దగ్గర, చిల్లర దగ్గర, బిల్లు దగ్గర కూర్చుండే మనకు ఈ సంగతి దూరపుది కాదు.

బల్ల ప్రక్కన గురువులు

నికొల్స్ కొట్టులో జాన్ వార్ అను మరొక కుర్రవాడు పని నేర్చుకొనుచుండెను. అతడు ఇంగ్లండు ప్రభుత్వ సంఘమునకు చెందనివాడు. అతని ఇంటివారు బైబిలు నమ్మి ప్రార్థనకూటములకు వెళ్లేవారు. కేరీ గారు ప్రభుత్వ సంఘపు గర్వముతో అతనితో ప్రతిదినము వాదించేవారు. వాదనలో తానే గెలిచేవాడట, కాని మనస్సులో ఓడిపోయేవాడట. వార్ తన పుస్తకములు చదువుటకు ఇచ్చాడు, ప్రార్థనకు పిలిచాడు, తిరస్కారమును సహించాడు. 1779లో కేరీ గారు మొదటిసారి అతనితో కూడ కూటమునకు వెళ్లారు. ఆ సంవత్సరములోనే ఆయన క్రీస్తును తన రక్షకునిగా అంగీకరించారు. ఆయనను ప్రభువు వద్దకు నడిపించినవాడు ఏ గొప్ప ప్రసంగీకుడును కాదు. ప్రక్క పీటమీద కూర్చుండి తోలు కుట్టుచున్న తోటి కుర్రవాడు.

అదే కొట్టులో ఒక బైబిలు వ్యాఖ్యానము ఉండేది. అందులో గ్రీకు అక్షరములు కనబడినవి. వాటిని కేరీ గారు కాగితము మీద దింపుకొని, పాలర్స్‌పరీకి వెళ్లినప్పుడెల్ల థామస్ జోన్స్ అను నేతగాని వద్దకు తీసుకొనిపోయేవారు. జోన్స్ బాగుగా చదువుకొన్నవాడే గాని తన తప్పులవలన చితికిపోయి మగ్గము మీద బ్రదుకుచుండెను. అట్టివాడు కూడ తనకు వచ్చిన అక్షరము దాచుకొనక పిల్లవానికి చెప్పాడు. చితికిన మనుష్యుని నోట విన్న ఆ గ్రీకు అక్షరములే తరువాత ఎన్నో భాషలలో క్రొత్త నిబంధన తర్జుమా చేయుటకు పునాది అయినవి.

నికొల్స్ 1779లో మరణించగా కేరీ గారు హాకిల్టన్‌లో థామస్ ఓల్డ్ కొట్టులో కూలికి చేరారు. బైబిలు వ్యాఖ్యానకర్తగా పేరుపొందిన థామస్ స్కాట్ గారు ఆ కొట్టుకు వచ్చుచు, మూల కూర్చున్న యువకుడు వినుచున్న తీరు, అడుగుచున్న ప్రశ్నలు గమనించి ప్రోత్సహించారు. చాల సంవత్సరముల తరువాత ఆ దారిన పోవునప్పుడు, ఆ కొట్టే కేరీ గారి కాలేజీ అని స్కాట్ గారు చెప్పేవారట.

1781 జూన్ 10న కేరీ గారు డొరతీ ప్లాకెట్‌ను వివాహము చేసుకొన్నారు. ఆమెకు అప్పటికి తన పేరు వ్రాయుట కూడ రాదు. వారి మొదటి బిడ్డ రెండేండ్లు నిండకముందే జ్వరముతో పోయింది. అదే జ్వరము ఆయనను కూడ పట్టి తలవెండ్రుకలు రాలిపోయినవి. ఇంతలో ఓల్డ్ మరణించాడు. కేరీ గారు కొట్టు బాధ్యత తనపై వేసుకొని, తన యిల్లు గాక ఓల్డ్ గారి విధవరాలి కుటుంబమును కూడ పోషించవలసినవారైరి. వ్యాపారము మందగించింది, సరకు అమ్ముడుపోలేదు. కుట్టిన బూట్లు భుజాన వేసుకొని ఊరూరు నడిచారు. సాయంకాలము పిల్లలకు రాత్రిబడి చెప్పారు. చివరకు తమ్ముడు దాచుకొన్న డబ్బు ఇచ్చి, ఊరివారు చందా వేసి ఆదుకొన్నారు. దుకాణము పెట్టి నష్టపోయిన సహోదరులు మనలో ఉన్నారు. కేరీ గారు వారిలో ఒకరని జ్ఞాపకముంచుకొందము.

1783 అక్టోబరు 5న నార్తాంప్టన్‌లో నెన్ నదిలో జాన్ రైలండ్ గారు ఆయనకు బాప్తిస్మము ఇచ్చారు. ఆ దినమున రైలండ్ గారి దృష్టికి ఆయన కూలికి బూట్లు కుట్టుకొనే ఒక పేద యువకుడు మాత్రమే.

తోలు గోళము

1785లో కేరీ గారు మౌల్టన్ గ్రామమునకు వెళ్లారు. అక్కడ పగలు బడి, రాత్రి బూట్ల పని, ఆదివారము చిన్న బాప్తిస్టు సంఘములో వాక్యపరిచర్య. మూడును కలిపినా ఇల్లు నడుచుట కష్టముగానే ఉండేది. ఇంటిలో మాంసము వండని వారములెన్నో గడిచినవట.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక ఈ భాగము మాకు మరింత ఇష్టము. బడిలో భూగోళము చెప్పుటకు గ్లోబు కొనలేక ఆయన తోలుముక్కలు కుట్టి గోళము తయారుచేశారు. కాగితములు అంటించి పెద్ద పటము చేసి కొట్టు గోడకు తగిలించారు. ఏ దేశములో ఎంతమంది జనము, వారి మతమేమి అని అందులో వ్రాసిపెట్టుకొన్నారు. బోధనోపకరణము చేతితో తయారుచేసుకొనవలెనని మాకు శిక్షణలో నేర్పారు. ఆయన అట్టి శిక్షణ ఏదియు లేకుండగనే చేశారు. అయితే పిల్లలను అదుపులో పెట్టుట ఆయనకు చేతకాలేదు. తాను బడి నడుపుటకు బదులు పిల్లలే తనను నడుపుచున్నారని ఆయనే నవ్వుతూ చెప్పుకొనేవారు. ఈ మెతకదనము తరువాత ఆయన స్వంత ఇంటిలో కూడ కనబడింది.

ఆయన కుట్టిన బూట్లను కెట్టరింగ్‌లో థామస్ గాచ్ అను వ్యాపారి కొనేవాడు. గాచ్ గారు ఆండ్రూ ఫుల్లర్ గారి సంఘమునకు చెందినవాడు. ఒక దినమున వారమునకు ఎంత సంపాదించుచున్నావని కేరీ గారిని అడిగాడు. తొమ్మిది పది షిల్లింగులని ఆయన చెప్పారు. అయితే ఇకమీదట తన తోలు పాడుచేయవద్దని, చదువు కొనసాగించమని, వారమునకు పది షిల్లింగులు తానే ఇస్తానని గాచ్ గారు మాట ఇచ్చాడు. వ్యాపారి చేసిన సువార్త పని అనగా ఇదే. గాచ్ గారు వేదిక ఎక్కి ఏమి చెప్పాడో ఎవరికిని తెలియదు. తన సరకులోని మనిషిని గుర్తించి, తన లాభములోనుండి అతనికి చదువు కొనిపెట్టాడు.

1789లో కేరీ గారు లెస్టర్ నగరములోని హార్వీ లేన్ సంఘమునకు కాపరిగా వెళ్లారు. 1792 మే నెలలో అన్యజనులకు సువార్త ప్రకటించుట క్రైస్తవుల విధి అని నిరూపించుచు 87 పుటల పుస్తకము ప్రచురించారు. అదే నెలాఖరున నాటింగ్‌హాములో యెషయా గ్రంథము 54వ అధ్యాయముపై ప్రసంగించారు. అక్టోబరు 2న కెట్టరింగ్‌లో వాలిస్ అను విధవరాలి యింటిలో బాప్తిస్టు మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆ రాత్రి అక్కడ ఉన్నవారు చీటీలు వ్రాసి నశ్యపు డబ్బీలో వేసిన వాగ్దానములు మొత్తము 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. కేరీ గారి వద్ద ఇచ్చుటకు డబ్బు లేదు గనుక తన పుస్తకముపై వచ్చు లాభము ఇస్తానని చెప్పారు.

నీలిమందు ఫ్యాక్టరీ

1793 జూన్ 13న బయలుదేరి, నవంబరులో కలకత్తా చేరారు. తోడుగా వచ్చిన వైద్యుడు జాన్ థామస్ గారు భక్తిపరుడే గాని డబ్బు లెక్క తెలియనివాడు. తెచ్చుకొన్న సొమ్ము కొద్దికాలములోనే హరించిపోయింది. భార్య, మరదలు, నలుగురు పిల్లలు. చేతిలో కాసు లేదు. ఆ కష్టములో ఒక హిందూ వర్తకుడు మాణిక్‌తలాలో తన చిన్న ఇంటిని అద్దె లేకుండ ఇచ్చాడు. తరువాత సుందరవనములలో కొన్నాళ్లు గడిపారు.

1794లో ఉత్తర బెంగాలులోని మదనాబతిలో నీలిమందు ఫ్యాక్టరీ మేనేజరు పని దొరికింది. జార్జ్ ఉడ్నీ అను వ్యాపారి దాని యజమాని. జీతము నెలకు 200 రూపాయలు. కేరీ గారు వెంటనే ఇంగ్లండుకు ఉత్తరము వ్రాసి, ఇక తనకు జీతము పంపనక్కరలేదని, ఆ డబ్బుతో మరొకచోట మిషను ప్రారంభించమని కోరారు. తనకు కావలసినవి విత్తనములు, తోటపని ముట్లు మాత్రమే అన్నారు. అందుకు సొసైటీవారు సంతోషించుటకు బదులు వ్యాపారములో పడి ఆత్మీయత చెడగొట్టుకొనవద్దని హెచ్చరిక వ్రాశారు. ఆ మాట ఆయనను చాల నొప్పించింది. ఇంటి ఖర్చు పోగా మిగిలినదంతయు దేవుని పనికే పెట్టుచున్నానని ఆయన జవాబు వ్రాశారు.

మన సంఘములలో కూడ ఇట్టి అనుమానము ఉన్నది. కష్టపడి కొట్టు నడుపుకొనుచున్న సహోదరుని చూచి లోకములో పడినాడని తొందరపడి తీర్పు తీర్చుదుము. కేరీ గారు ఆ ఫ్యాక్టరీలో కూలివారితో మాటలాడుచునే బెంగాలీ నేర్చుకొన్నారు. గ్రామముల పిల్లలకు బడి పెట్టారు. అక్కడ కూర్చుండియే క్రొత్త నిబంధన తర్జుమా చేశారు. అయితే వ్యాపారము మాత్రము కలిసిరాలేదు. వరదలు, పంట నష్టములు కలిగినవి. ఆ సంవత్సరములలో బెంగాలీలలో ఒక్కరు కూడ బాప్తిస్మము పొందలేదు.

ఇంటిలో

ఇక్కడ మేము ఒక సంగతి దాచక చెప్పవలెను. డొరతీ గారికి ఇండియా రావలెనని ఇష్టము లేదు. మొదట నిరాకరించారు. అప్పుడామెకు చంటిబిడ్డ ఉన్నాడు. ఓడ ఆలస్యమైనందున భర్త తిరిగి వచ్చి అడిగినప్పుడు, చెల్లెలు తోడు వస్తేనే వస్తానని ఒక్క దినములో ఒప్పుకొని బయలుదేరారు. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటర్ మదనాబతిలో చనిపోయాడు. ఆ దుఃఖము, తరచుగా వచ్చు రోగములు, ఒంటరితనము కలిసి ఆమె మనస్సు చెదిరిపోయింది. 1807 డిసెంబరు 8న మరణించువరకు పండ్రెండేండ్లకు పైగా ఆమెకు స్వస్థత కలుగలేదు. కేరీ గారు ఆమెను ఆసుపత్రిలో బంధించుటకు ఒప్పుకొనక ఇంటిలోనే ఉంచుకొన్నారు. ఒక గదిలో ఆమె కేకలు, ప్రక్క గదిలో ఆయన తర్జుమా పని.

దీనిని భక్తుని సహనమని మాత్రమే చెప్పి ముగించుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఇష్టము లేని భార్యను ఒక్క దినములో ఒప్పించి సముద్రము దాటించుట వలన కలిగిన నష్టమును ఆమె భరించినది. కుమారులు కూడ అదుపు లేకుండ పెరిగారు. తండ్రికి ప్రేమ ఉన్నది గాని గద్దించు గుణము లేదు. ప్రపంచ పటము గోడకు తగిలించినవానికి ప్రక్క గదిలోని మనిషి బాధ సకాలములో కనబడకపోవచ్చును. కొట్టు పని, సంఘపు పని రెండును భుజముపై వేసుకొన్న సహోదరులారా, ఇది మనకు వ్రాయబడిన హెచ్చరిక.

ఆ పిల్లలను నిలబెట్టినవారు వేరొకరు. 1799లో జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, ప్రింటరైన విలియం వార్డ్ మొదలగువారు వచ్చారు. హన్నా గారు ఆ పిల్లలకు తల్లి అయినారు. వార్డ్ గారు పెద్దకుమారుడైన ఫీలిక్స్‌ను ప్రెస్సులోకి తీసుకొని పని నేర్పుచు ప్రభువు మాట చెప్పారు. కన్నతండ్రి చేయలేనిది ప్రక్కవాడు చేసిన సందర్భమిది.

ఒకే సంచి

ఈస్టిండియా కంపెనీవారు మిషనరీలను తమ ఏలుబడిలో ఉండనిచ్చేవారు కారు. యానాము ఫ్రెంచివారిదైనట్లే, తమిళదేశపు తరంగంబాడి, హుగ్లీ నది ఒడ్డున ఉన్న సీరాంపూరు ఆ కాలమున డెన్మార్కువారివి. అందుచేత 1800 జనవరి 10న కేరీ గారు సీరాంపూరు చేరి ఆ క్రొత్త కుటుంబములతో కలిసి కాపురము పెట్టారు.

వారి ఏర్పాటు ఏమనగా, ఎవరి సంపాదన వారు దాచుకొనరాదు. మార్ష్‌మన్ దంపతుల బోర్డింగు స్కూళ్ల ఫీజులు, వార్డ్ గారి ప్రెస్సు ఆదాయము, కేరీ గారి జీతము అన్నియు ఒకే సంచిలో పడును. అందులోనుండి ప్రతి కుటుంబమునకు కొద్ది మొత్తము, మిగిలినది సువార్తకు. శనివారము సాయంకాలము అందరును కూడి, ఆ వారములో ఒకరిపై ఒకరికి కలిగిన మనస్పర్థలు తీర్చుకొని ప్రార్థించవలెనని నియమము పెట్టుకొన్నారు. చెప్పుల కొట్టులో నష్టపోయిన కేరీ గారికే వారు కోశాధికారి పని అప్పగించారు. నష్టము చూచినవానికి పైసా విలువ తెలియును.

1801లో కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీ గారు బెంగాలీ ఉపాధ్యాయులైరి. నెలకు 500 రూపాయలు, తరువాత 1,000 రూపాయలు. సంస్కృతము, మరాఠీ కూడ చెప్పారు. అక్కడి విద్యార్థులు ఇంగ్లండునుండి వచ్చిన యువ అధికారులు. వారికొరకు అదే సంవత్సరము కథోపకథన్ అను పుస్తకము ప్రచురించారు. అందులో అప్పు ఇచ్చువాడు, తీసుకొనువాడు, కూలివారు, జాలరులు, సంతకు పోవు స్త్రీలు మాటలాడుకొను తీరు ఉన్నది. జనుల భాష సంతలో ఉన్నదని కొట్టు నడిపినవానికి తెలుసు.

1800 డిసెంబరు 28న కృష్ణపాల్ అను వడ్రంగి బాప్తిస్మము పొందాడు. బెంగాలులో వారి పరిచర్యకు మొదటి ఫలమతడే. చేయి బెణికి వైద్యము కొరకు వచ్చి వాక్యము విన్నవాడు. అతడే తరువాత సువార్తికుడైనాడు. పంచానన్ కర్మకార్ అను కమ్మరి సీరాంపూరు ప్రెస్సుకు అక్షరపు దిమ్మెలు చెక్కాడు. ఆ విద్యను అల్లుడు మనోహర్‌కు నేర్పాడు. మామ పోయిన తరువాత మనోహర్ ఏండ్ల తరబడి అనేక భాషల అక్షరములు పోతపోశాడు. బైబిలు మన దేశ భాషలలో అచ్చయినదంటే వడ్రంగి, కమ్మరి, చెప్పులు కుట్టినవాడు, నేతపని ఎరిగిన మార్ష్‌మన్, అచ్చుపనివాడు వార్డ్ ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండుటచేతనే.

కాలిపోయిన తెలుగు వ్యాకరణము

1812 మార్చి 11 సాయంకాలము సీరాంపూరు ప్రెస్సుకు నిప్పంటుకొన్నది. కాగితపు నిల్వలు, అనేక భాషల అక్షరములు, సంవత్సరముల తరబడి చేసిన వ్రాతప్రతులు బూడిదయ్యాయి. కేరీ గారు కలకత్తాలో పాఠములు చెప్పుచుండిరి. కాలిపోయిన వ్రాతప్రతులలో ఆయన సిద్ధపరచిన తెలుగు వ్యాకరణము కూడ ఉన్నది. మరుసటి దినము వచ్చి ఆ శిథిలములను చూచి కన్నీరు కార్చారు. తరువాత కరిగిన సీసము ఏరి మరల అక్షరములు పోసే పని ప్రారంభమైనది. ఆయన మరల మొదటి పుటనుండి వ్రాయుటకు కూర్చున్నారు. రెండవసారి నడచిన దారి మొదటిదానికంటె సులభముగా, నిశ్చయముగా ఉండునని ఆయన తన్ను తాను ఓదార్చుకొన్నారు. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చయినది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సీరాంపూరులో వెలువడినది.

తెలుగు దేశములో ఎన్నడును కాపురముండని మనిషి పండితులను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్చుకొని ఈ పని చేశారు. తరువాత వచ్చినవారు ఇంతకంటె చక్కని తర్జుమాలు చేసినమాట నిజము. అయినను దారి వేసినవారిని మరువరాదు. మీరున్న సీమలకు కూడ ఆయన ఋణమున్నది. మరాఠీ వ్యాకరణము 1805లో, ఒరియా క్రొత్త నిబంధన 1809లో, కన్నడ వ్యాకరణము 1817లో వచ్చినవి.

1818లో సీరాంపూరు కాలేజీ స్థాపించి, ఏ కులము ఏ మతము అనక అందరిని చేర్చుకొన్నారు. 1827లో డెన్మార్కు రాజు దానికి పట్టాలిచ్చు అధికారమిచ్చాడు. నేటికిని మన కాపరులలో అనేకులు సీరాంపూరు పట్టాలు పొందినవారే.

చివరి దినములు

ఆయన వృద్ధాప్యము సుఖముగా గడువలేదు. సీరాంపూరు ఆస్తులపై అధికారము విషయములో లండను కమిటీతో భేదము కలిగి 1827లో వేరుపడ్డారు. 1830లో కలకత్తాలోని పెద్ద వ్యాపార సంస్థ దివాలా తీయగా మిషను సొమ్ము కొంత పోయింది. ఆయినను పని ఆగలేదు. 1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించు చట్టము తర్జుమాకు ఒక ఆదివారము చేతికి వచ్చినప్పుడు, ఆలస్యమైన ప్రతి గడియలో ఎవరో ఒక స్త్రీ ప్రాణము పోవచ్చునని తలంచి, ప్రసంగము వేరొకరికి అప్పగించి సాయంకాలములోగా తర్జుమా ముగించారు.

ఒకప్పుడు గవర్నరు జనరలు గారి విందులో ఒక అధికారి, కేరీ ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడు కదా అని హేళనగా మరొకరిని అడిగాడట. అది విన్న కేరీ గారు తాను అంతవాడను కూడ కాదని, పాత చెప్పులకు అతుకులు వేసేవాడనని సరిదిద్దారట. సిగ్గుపడలేదు, కోపపడలేదు.

1834 జూన్ 9న 72 ఏండ్ల ప్రాయములో సీరాంపూరులో ప్రభువునందు నిద్రించారు. వేలకొలది రూపాయలు ఆయన చేతిమీదుగా నడిచినవి. కాని కుమారుడు జేబెజ్‌కు 1,500 రూపాయలు ఇచ్చుటకు తన పుస్తకములు అమ్మవలెనని విల్లులో వ్రాయవలసి వచ్చింది. సమాధిపై ఆడంబరము వద్దన్నారు.

మన కొట్టులో ఖాళీ పీట

ప్రియులారా, మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలో కూడ ఇదే దారి కనబడును. ఎర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారము మీద ఉత్తరదిక్కుకు వెళ్లి, అక్కడ సువార్త విని, 1866లో బాప్తిస్మము పొందారు. ఆయన ద్వారా ఒంగోలు ప్రాంతమున వేలమందికి వెలుగు వచ్చింది. వ్యాపారపు దారియే సువార్త దారి అయినది.

కేరీ గారిని తయారుచేసినవారిని మరల లెక్కించుదము. పుస్తకము ఇచ్చిన తోటి కుర్రవాడు ఒకడు. అక్షరము చెప్పిన చితికిన నేతగాడు ఒకడు. పది షిల్లింగులిచ్చిన వ్యాపారి ఒకడు. వీరెవ్వరును ఓడ ఎక్కలేదు. వారి వద్ద ఉన్నది వారు ప్రక్కవానికి ఇచ్చారు.

మన పిల్లలలో చాలమంది కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో బడిలో చదువుచున్నారు. ఇంటిలో తెలుగు మాటలాడుదురు గాని తెలుగు బైబిలు తెరిచి చదువలేరు. పాటల పుస్తకము చేతిలో పట్టుకొని విన్నది పాడుచున్నారు. కాలిపోయిన తెలుగు వ్యాకరణమును ఒక పరదేశి మరల మొదటినుండి వ్రాసెను. మనమో, మన ఇంటిలో ఆ అక్షరములు ఆరిపోవుచుండగా చూచుచు కూర్చున్నాము.

కనుక మా మనవి ఇది. కొట్టు ఉన్న ప్రతి సహోదరుడు, మిషను ఉన్న ప్రతి సహోదరి తన ప్రక్కన ఒక పీట ఖాళీగా వేయవలెను. సంఘములోని ఒక యువకునికో యువతికో పని నేర్పండి. చిట్టా వ్రాయుట నేర్పండి. చెల్లని నాణెమును చెల్లని నాణెమని చెప్పుట నేర్పండి. గిరాకి లేని గంటలో పలక తీసి అ ఆలు దిద్దించండి. అయితే రాత్రి కొట్టు కట్టి ఇంటికి వెళ్లినప్పుడు, ప్రక్క గదిలో ఉన్నవారు ఎట్లున్నారో ముందు అడగండి. కేరీ గారి జీవితము మనకు నేర్పుచున్నవి ఈ రెండును.

ప్రభువు మీ చేతిపనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.